గౌసియా గొంతు వెంట వినుకొండకి

గుంటూరులో పుట్టి పెరిగిన నాకు వినుకొండ వెళ్ళాలని ఎప్పుడూ అనిపించలేదు. మార్కాపురం వైపు రైల్లో వెళ్ళేటప్పుడు కిటికీలోంచి ఆ కొండని చూడటమే తప్ప దిగింది లేదు. ఈ ఫిబ్రవరిలో స్కూలుకి సెలవైన రెండో శనివారం దిగాను. అయితే కొండ కోసం కాదు, గౌసియా కోసం. ఎప్పటినుంచో నా స్నేహితురాలు. ఆమె ఎంత ఎదిగిందో, ఇల్లు ఎంత పెద్దది కట్టిందో కళ్ళారా చూసి రావాలని కొన్నేళ్ళుగా నాలో ఒక కుళ్ళు ఉంది. దారి వివరాలు కావలసినవాళ్ళకి అవన్నీ ఇందులోనే ఉన్నాయి, కానీ ఆ కుళ్ళుని దాచి ఈ ప్రయాణం గురించి రాయడం నా వల్ల కాలేదు.

గౌసియా, నేను ఒకప్పుడు గుంటూరు బ్రాడీపేటలో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో గొంతు ఇచ్చేవాళ్ళం. చీరల కొట్లు, పత్తి విత్తనాలు, సువార్త సభలు, ఎన్నికలు, ఏ ప్రచార ఆటో వెళ్ళినా అందులో మా ఇద్దరిలో ఒకరి గొంతు ఉండేది. పెళ్ళయ్యాక తను వినుకొండ వెళ్ళింది, నేను స్కూల్లో తెలుగు టీచరుగా చేరాను. ఇద్దరం అప్పుడప్పుడూ రికార్డింగులు చేస్తూనే ఉన్నాం. నాలుగేళ్ళ కిందట హైదరాబాదు నుంచి నాకు కబురొచ్చింది. ఒక పెద్ద కంప్యూటర్ కంపెనీ తన కృత్రిమ మేధకి తెలుగు గొంతు వెతుకుతోందట, వచ్చి చదివి వినిపించమన్నారు. ఒక్కదాన్నే రైలెక్కడం ఎందుకని గౌసియాని తోడు రమ్మన్నాను. అక్కడ నేను చదవడం అయ్యాక, బయట కూర్చున్న ఆమెని చూసి “మీరూ ఒక పేజీ చదవండి మేడమ్” అన్నారు. వాళ్ళు తీసుకున్నది తోడు వచ్చినామెనే.

మేము డిగ్రీ చదివే రోజుల్లో ఆ కంపెనీ అంటే ల్యాబులో కంప్యూటరు ఆన్ చేయగానే తెర మీద వచ్చే ఒక పేరు, అంతే. తర్వాత ఆ పేరు ఫోన్లలోకి వచ్చింది. కొన్నాళ్ళకి దారి చూపించడం మొదలుపెట్టింది, మా స్కూల్లో పిల్లల హాజరు అందులోకే వెళ్ళింది. ఇప్పుడు మాట్లాడుతోంది. పేపర్లో ఎప్పుడు చూసినా ఆ కంపెనీ ఇంకా పెరిగిందనే ఉంటుంది. అది పెరిగే కొద్దీ గౌసియా గొంతు కూడా ఊళ్ళు దాటి వెళ్తోంది. మా పక్కింటి పాప లెక్కలు అడిగేది ఆ గొంతునే. మా స్కూలు హెడ్మాస్టరు గారు సర్క్యులర్ చదివించుకునేది ఆ గొంతుతోనే. ఆయన గదిలోంచి అది వినపడినప్పుడల్లా ఆ రోజు రైలెక్కకుండా ఆమె ఇంట్లోనే ఉండిపోయి ఉంటే ఎంత బాగుండేదో అనుకునేదాన్ని. జనవరిలో ఆమె ఫోన్ చేసి, “ఒకసారి రావే కరుణా. నీతో మాట్లాడాలి. ఫోన్లో చెప్పేది కాదు” అంది. కొత్త ఇల్లు చూపించడానికే అయ్యుంటుందని అనుకున్నాను.

గుంటూరు బస్టాండులో వినుకొండ బస్సులు పొద్దున్నించీ దొరుకుతూనే ఉంటాయి. ఎక్స్‌ప్రెస్సుల్లో ఆడవాళ్ళకి ఆధార్ కార్డు చూపిస్తే టికెట్టు ఉచితం, మగవాళ్ళకి నూటయాభై లోపు అవుతుంది. పేరేచర్ల, ఫిరంగిపురం, నరసరావుపేట మీదుగా వెళ్తుంది. ఏడింటికి ఎక్కితే పదింటికల్లా దిగొచ్చు. ఈ నెలల్లో వెళ్తే కుడివైపు, ఎడమవైపు అని చూసుకోనక్కర్లేదు. రెండు పక్కలా మిరప కల్లాలే. నేల మీద ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య తలగుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు కూర్చుని, రంగు పోయి తెల్లబారిన తాలుకాయలు ఏరుతుంటారు. కిటికీ తెరిస్తే తుమ్ములు, మూస్తే ఉక్క. నరసరావుపేట దాటాక ఆఖరి ఏరుడుకి వచ్చిన పత్తి చేలు అక్కడక్కడా తెల్లగా కనిపిస్తాయి.

ఫిరంగిపురంలో ఎక్కి నా ముందు సీట్లో కూర్చున్న పెద్దాయన చొక్కా జేబులోంచి ఫోన్ తీసి, “అమ్మా, ఇయ్యాల గుంటూరు యార్డులో తేజా మిర్చి ఎంత పలికింది?” అని అడిగాడు. ఫోన్లోంచి గౌసియా పలికింది. “ఈరోజు శనివారం, యార్డుకి సెలవండి. నిన్నటి ధర చెప్పమంటారా?” ఆ ‘అండి’ చివర సన్నగా నవ్వు అంటించి వదలడం ఆమె అలవాటు. స్టూడియోలో నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా నాకు రాలేదు.

నేను ఊరుకోలేక ముందుకి వంగి, “అది మనిషి కాదండి, మిషను మాట్లాడుద్ది” అన్నాను.

ఆయన వెనక్కి తిరిగాడు. “తెలుసులేమ్మా. అయినా గొంతు ఎవురో ఒక తల్లిదే గదా. ఎన్నిసార్లు అడిగినా ఇసుక్కోకుండా చెప్పుద్ది.”

ఆ తల్లి నాకు తెలుసని నోటిదాకా వచ్చింది. చెప్తే ఆయన ఆమె గురించి ఇంకో నాలుగు మంచి మాటలు అంటాడేమోనని చెప్పలేదు.

వినుకొండ బస్టాండులో దిగి టీ తాగుతుండగానే రోడ్డు మీద ప్రచార ఆటో వచ్చింది. పైన రెండు మైకులు, వెనక ఒక బట్టల కొట్టు ఫ్లెక్సీ. “వినుకొండ పట్టణ ప్రజలకు శుభవార్త” అంటూ గౌసియా గొంతు. తన ఊళ్ళో తన గొంతు ఇలా వీధుల వెంట తిరుగుతుంటే వినే మనిషికి ఎంత గర్వంగా ఉంటుందో అనుకుంటూ టీ సగంలో వదిలేశాను. గౌసియా భర్త ఖాదర్ గారిది మైక్ సెట్టు కొట్టు. షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. కొట్టు వెనకే ఇల్లు.

ఇల్లు నేను ఊహించుకున్న మేడ కాదు. పాత ఇంటి మీద కొత్తగా ఒక గది వేశారు. కానీ ఆ గది చూడగానే నా కడుపు మండింది. గోడలన్నిటికీ మందపాటి బొంతలు బిగించి, మధ్యలో మంచి మైకు పెట్టి, సొంత రికార్డింగ్ గది కట్టుకుంది. నేను ఇప్పటికీ మా పడగ్గదిలో బీరువా తలుపు తెరిచి, చీరల వైపు తిరిగి రికార్డ్ చేస్తాను, శబ్దం మారుమోగకుండా.

“బాగుందే” అన్నాను.

“బాగుంటది. దుమ్ము పట్టకుండా ఈ గుడ్డ కప్పుతున్నా” అంది గౌసియా, మైకు మీది గుడ్డ తీసి మళ్ళీ కప్పేస్తూ.

అప్పటికి నాకు ఆ మాట ఎక్కలేదు. మధ్యాహ్నం పలావు, గోంగూర మటన్ చేసింది. వడ్డిస్తుండగా ఖాదర్ గారు కొట్లోంచి వచ్చి కూర్చున్నారు. “అన్నయ్యా, పొద్దున బస్టాండు దగ్గర మా గౌసియాని విన్నాను” అన్నాను. ఆయన గౌసియా వైపు చూసి, పళ్ళెంలోకి తలొంచుకున్నారు.

“అది నేను కాదే” అంది గౌసియా. “ఆ బట్టల కొట్టాయన నాకు చెప్పలా. ఫోన్లో రాసుకున్నాడు, అది నా గొంతుతో చదివి పెట్టింది, తెచ్చి ఈయనకిచ్చి ఆటోలో వెయ్యమన్నాడు. ఎరువుల కొట్టాయనా అంతే. నాతో చదివించుకుని ఆర్నెల్లు దాటింది ఎవరైనా.”

“ఇంటి అద్దె లేదు కాబట్టి సరిపోయింది చెల్లెమ్మా” అన్నారు ఖాదర్ గారు నెమ్మదిగా. “వాళ్ళు తెచ్చింది నేను వెయ్యకపోతే ఇంకొకడు వేస్తాడు.”

ఇక్కడ నాకు జాలి కలగాలి. కలగలేదు. అయినా నీ గొంతే కదా ఊరంతా తిరుగుతోంది, నాది తిరగడం లేదే అనిపించింది. దాన్ని మింగేసి, కొండ చూపించమని అడిగాను.

కొండ మీదికి ఘాట్ రోడ్డు ఉంది, మెట్ల దారి కూడా ఉంది. మమ్మల్ని ఖాదర్ గారు తన ప్రచార ఆటోలోనే, మైకులు ఆపేసి, ఎక్కించారు. మీరు బస్టాండు దగ్గర ఆటో మాట్లాడుకుంటే బేరం మీద ఆధారపడి రానూపోనూ మూడు వందలకి అటూ ఇటూ అడుగుతారు. సీతమ్మని ఎత్తుకెళ్ళిన కబురు రాముడు ఇక్కడే విన్నాడని, అందుకే ఇది విన్న కొండ అయిందని ఈ ఊరివాళ్ళు చెబుతారు. మేము గుడి దాకా వెళ్ళకుండా కోట గోడ మిగిలినచోట, నీడ చూసుకుని కూర్చున్నాం. ఖాదర్ గారు ఆటో దగ్గరే ఉండిపోయారు. కింద ఊరు, ఊరి చుట్టూ ఎర్రని కల్లాలు, వాటి అవతల మసక మసకగా పొలాలు. కాసేపటికి ఊళ్ళోంచి ఇంకో ఆటో చప్పుడు గాలికి పైకి వచ్చింది. మళ్ళీ గౌసియా గొంతే.

ఆమె చెవి ఒగ్గి వింది. “దానికి జలుబు చెయ్యదు” అంది. “నాకు ఈ చలికాలమంతా దగ్గే. మొన్న రాత్రి కథ చెప్పబోతే మా పాప ఏమందో తెలుసా? నువ్వొద్దమ్మా, ఫోన్లో అమ్మ చెప్పుద్ది, సగంలో నిద్రపోదు అంది. నా గొంతు మీద నాకే కుళ్ళొచ్చిందే, కరుణా.”

ఆమె చున్నీ చెంగుతో ముఖం తుడుచుకుని, రమ్మన్న అసలు పని బయటపెట్టింది.

“ఆ కంపెనీ వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. తెలుగులో ఇంకో గొంతు కావాలంట. టీచరమ్మ మాట్లాడినట్టు ఉండాలంట. ఎవరైనా తెలుసా అని అడిగారు.”

“నా పేరు చెప్పావా?”

“చెప్పలా.”

“ఎందుకని?”

“ముందు నువ్వొచ్చి నన్ను చూశాక చెబుదామని.”

నాలుగేళ్ళుగా లోపల పెట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. “చూడటానికి ఏముంది? అక్కడ నీ ఒక్కదాని గొంతే ఉండాలి, అంతేగా. ఆ రోజు నేను తీసుకెళ్తే వెళ్ళావు నువ్వు. ఇప్పుడు నా వంతు వస్తే, ఇందులో సుఖం లేదు, నువ్వు రావొద్దని నాకు నీతులు చెబుతావా?”

ఆమె వాదించలేదు. ఎర్రబడ్డ ముఖంతో, “నువ్వు తీసుకెళ్తేనే వెళ్ళాను. కాదన్లేదు” అంది. ఫోన్ తీసి నా పేరు, నంబరు నా కళ్ళ ముందే హైదరాబాదుకి పంపింది. “పంపేశా. పిలిస్తే పోతావో మానుకుంటావో నీ ఇష్టం.”

నేను థాంక్స్ చెప్పలేదు. ఖాదర్ గారు మమ్మల్ని ఆటోలో కిందికి దింపారు. బస్టాండులో ఆమె నా చేతిలో గోంగూర పచ్చడి సీసా పెట్టి, “జాగ్రత్తగా వెళ్ళు” అని మాత్రం అంది. సాయంత్రం నాలుగున్నర బస్సెక్కాను. గుంటూరు చేరేదాకా, పిలిచినప్పుడు ఏ పేజీ చదవాలి, ఎక్కడ గొంతు తగ్గించాలి అని మనసులో పాఠం తిప్పుకుంటూనే ఉన్నాను. అంత సంతోషంగా నేను ఈ మధ్య ఏ ప్రయాణంలోనూ లేను.

సోమవారం మధ్యాహ్నం ఇంటర్వెల్లో ఫోన్ వచ్చింది. హైదరాబాదు నుంచి ఒకమ్మాయి, చాలా మర్యాదగా మాట్లాడింది. “సారీ అండి మేడమ్. రెండో గొంతుకి ఇప్పుడు కొత్తగా ఎవరి అవసరమూ పడటం లేదు. ఉన్న రికార్డింగుల నుంచే తయారైపోయింది.”

“ఎవరి రికార్డింగుల నుంచి?”

“అంటే, అన్నీ కలిపి సిస్టమే చేసుకుంటుందండి. ప్రత్యేకంగా ఎవరిదీ అని ఉండదు.”

ఆ మాట మొదట చెప్పాలనిపించింది గౌసియాకే. స్టాఫ్ రూమ్ బయట, వేపచెట్టు కింద నిలబడి ఫోన్ చేశాను. ఆమె అంతా వింది. తర్వాత, “కరుణా, ఒకటి చెప్తా, తిట్టకు. ఆ రెండోది నువ్వు కాదని వినగానే నాకు ఒక్క క్షణం సంతోషం వేసింది. కొండ మీద నువ్వన్నది కొంచెం నిజమే” అంది.

“నాకు తెలుసులే” అన్నాను.

ముందు ఆమె నవ్వింది, దగ్గు అడ్డం పడింది, ఆ దగ్గులోనే ఇంకా నవ్వింది. నాకూ ఆగలేదు. ఇద్దరం ఇలా నవ్వుకుని ఎన్నేళ్ళయిందో. ఆ నవ్వులోనే, కొండ మీద మాటలకి ఏమీ అనుకోవద్దన్నాను.

ఆ కొత్త గొంతుని మొన్న పక్కింటి పాప ఫోన్లో విన్నాను. శుభ్రంగా, తీయగా, తప్పు లేకుండా ఉంది. కాసేపు ఆ రోజు హైదరాబాదులో చదివి వచ్చిన నా గొంతులా అనిపించింది, కాసేపు గౌసియాలా, తర్వాత ఎవరిలానూ అనిపించలేదు. దాని మీద కుళ్ళుకుందామని చూశాను గానీ కుదరలేదు. దానికి దగ్గు లేదు, దాని కథలు వద్దనే పాప లేదు, వినుకొండలో దానికి ఇల్లు లేదు. గౌసియా మీద మాత్రం నా కుళ్ళు పూర్తిగా పోయిందని చెప్పలేను. ఆ బొంతల గది తలుచుకుంటే ఇంకా కాస్త మండుతుంది. ఆమెకి అది చెప్పాను కూడా. “అయితే వచ్చి వాడుకోవే, ఖాళీగానే ఉందిగా” అంది. వచ్చే సెలవుల్లో వెళ్ళి అందులో ఇద్దరం కలిసి ఆమె పాపకి కథలు రికార్డ్ చేద్దామనుకున్నాం, దగ్గులతో సహా.

మీరు వెళ్ళేట్టయితే నాలా మధ్యాహ్నం కొండెక్కకండి. పొద్దున్నే మొదటి బస్సు పట్టుకుని, ఎండ ముదరకముందే పైకి వెళ్ళి రండి. ఆ ఊళ్ళో మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే మాత్రం కొండకి రెండు గంటలు చాలు, మిగతా రోజంతా వాళ్ళింట్లో కూర్చోండి.