రాతి చర్చి గోడకు నేను పూసిన రంగు

ఒకప్పుడు బోధన్ బజారులో నా చేతిరాత లేని దుకాణం ఉండేది కాదు. గొప్పలు చెప్పుకోవడం కాదు. ఊళ్లో బోర్డులు రాసేవాళ్లం ఇద్దరమే, రెండోవాడికి ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. ఫ్లెక్సీలు వచ్చాక ఇద్దరమూ సమానమైపోయాం. పొద్దున ఫోన్ చేస్తే చాలు, మధ్యాహ్నం బస్సుకు నిజామాబాద్ నుంచి చుట్ట చుట్టి పంపిస్తారు. ఎంత ముసలి లీడరునైనా పెళ్లికొడుకును చేసి పంపిస్తారు. మూడేళ్లు నన్ను ఒక్కరూ పిలవలేదు. మా ఆవిడ ఒళ్లో బీడీల చాట పెట్టుకుని, "నీ కుంచెలు ఎండి చీపురు పుల్లలైనయి. గవిటితోని వాకిలన్న ఊడువు" అనేది. నవ్వేవాణ్నే గానీ కడుపు మండిపోయేది.

అందుకే టీచరక్క కబురు పంపినప్పుడు ఎందుకని కూడా అడగకుండా పోయాను. ఆమె బడిలో తెలుగు చెప్పి రిటైరైంది. బీడీలు చుట్టే ఆడవాళ్లను కూడగట్టి పాటలు పాడిస్తుంది. వాళ్లకు కూర్చోవడానికి చోటు లేదు. మూతబడిన చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్ల వెనకాల, నిజాం కాలంలో కట్టిన రాతి చర్చి ఒకటి పాడుబడి ఉంది. చర్చి సంఘం వాళ్లు రోడ్డు మీద స్లాబు వేసి కొత్త చర్చి కట్టుకుని, పాతదాన్ని పావురాలకు వదిలేశారు. దాన్ని బాగుచేసి పాటలకూ ఆటలకూ బొమ్మలకూ ఇల్లు చేద్దామని ఆమె ఆలోచన. ఒక గదిలో పిల్లలకు అక్షరాలు రాయడం నేర్పమని నాతో అంది. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు, సంతోషంతో.

సంఘం పెద్ద ఆ ఫ్యాక్టరీలో పనిచేసి, అది మూతబడ్డాక ఇంటికొచ్చినవాడు, మాట ఖచ్చితం. "ఒక్క వానకాలం సూస్త. గోడలు నిలవడితే మీకే ఇస్తం. పెచ్చులూడి ఎవని తల మీదన్న పడితే మాత్రం నేను జవాబు జెప్ప. కూలగొట్టి దుకాణాల షెటర్లు కట్టిస్తం" అన్నాడు. మేం ఒప్పుకున్నాం. ఆ మాటలో తప్పేమీ లేదు, ఇప్పటికీ లేదు.

గోడల పనికి మేస్త్రి కాక దొరికాడు. డెబ్బై దాటిన మనిషి, గానుగ సున్నం పని తెలిసినవాళ్లలో మా వైపు మిగిలింది ఆయనొక్కడే. సిమెంటు వచ్చాక ఆయన్నీ ఎవరూ పిలవలేదు. ఆ సంగతి తెలిశాక మా ఇద్దరికీ బాగా కుదిరింది. గుంట తవ్వి సున్నం నానబెట్టాడు. ఇసుకతో కలిపి గానుగలో తిప్పించి, బెల్లమూ కరక్కాయా నానిన నీళ్లు పోయించాడు. దానికి నల్లబెల్లమే కావాలన్నాడు. నల్లబెల్లం మూటలు మోసుకొస్తుంటే దారిలో ఎక్సైజు వాళ్లు ఆపారు. చర్చి గోడకని చెబితే, సారా కాసేవాళ్లు చాలా సాకులు చెప్పారు గానీ ఇది కొత్తదని నవ్వారు. చివరికి టీచరక్క వచ్చి విడిపించింది. ఎండాకాలమంతా ఆడవాళ్లు పొద్దున బీడీలు చుట్టి, మధ్యాహ్నం సున్నం మోశారు. వాళ్లు పాడుతుంటే కాక తాపీ ఆ పాటకే కదిలేది.

గోడలన్నీ అయ్యాక కాక నాకు ఒకే మాట చెప్పాడు. "బిడ్డా, సున్నం గోడ ఊపిరి తీస్తది. ఈ వానకాలం దాని జోలికి పోకు. పూస్తే సున్నపు నీళ్లే పూయాలె, ఇంకేం పూయొద్దు." సరేనన్నాను. కంటి ఆపరేషనుకని కూతురు వచ్చి ఆయన్ని భీమ్‌గల్ తీసుకుపోయింది.

ఊరకున్నంత ఉత్తమం లేదంటారు. నాకు ఊరకుండటం చేతకాలేదు. లోపల వెనక గోడ ఇంటి వాకిలంత తెల్లగా, నున్నగా నా ఎదురుగా ఉంది. మూడేళ్ల తర్వాత ఒక గోడ. ఒక మూల చెరుకు తోట వేద్దామనుకున్నాను. చెరుకు వేశాక దానికి నీళ్లు లేకపోతే ఎట్లా, నిజాంసాగర్ కాలువ వేశాను. కాలువ గట్టున బీడీల చాటలతో ఆడవాళ్లు, ఒక డప్పు. గోడ నిండిపోయింది. ఇరవై రోజులు తిండి ధ్యాస లేదు. బోర్డులు రాసేవాడికి వానంటే భయం. షట్టరు మీద రాసినా, గోడ మీద రాసినా వానకు చెక్కుచెదరకూడదు, అదే మా పనితనం. ఆ అలవాటు కొద్దీ లోపలి గోడకు కూడా అడుగున ప్రైమరు పట్టించి, పైన ఎనామిల్ రంగు డబుల్ కోటింగ్ కొట్టాను. ఆ గోడను కాపాడుతున్నాననే అనుకున్నాను. టీచరక్క చూసి కళ్లు తుడుచుకుంది. ఆడవాళ్లు తమ మొహాలు వెతుక్కున్నారు.

కాక కంటికి నల్లద్దాలతో తిరిగొచ్చాడు. బొమ్మను చూడలేదు, గోడ మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు తియ్యలేదు.

"ఎనామిలా?"

"డబుల్ కోటింగ్ కొట్టిన కాకా. వాన సుక్క తగలది."

"వాన నీ బొమ్మ దిక్కుకెల్లే వస్తదా బిడ్డా? అవుతలి దిక్కు రాయి నానుతది, ఆ తడి ఇటు ఆరాలె. దారి మూసినవ్." చెయ్యి తీసి, "గీకుదమా? ఇంక వానలు మొదలుగాలె. నేను గూడ గీకుత" అన్నాడు.

"నా పానం గీకినట్టుంటది కాకా, నేను గీకనియ్య" అని అరిచాను. ఆ వయసు మనిషి మీద అరిచాను. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. బొమ్మ బాగుందనో బాగాలేదనో కూడా అనలేదు.

ఆ ఏడు ముసురు పట్టింది. మొదట చెరుకు తోట ఉబ్బింది. వేలితో నొక్కితే లోపల నీళ్లు కదిలాయి. సూదితో పొడిచి నీళ్లు వదిలాను, ఎవరికీ చెప్పకుండా బట్టతో తుడిచాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, రంగు గీకడానికి అప్పుడు కత్తి పట్టుకుంటే రంగుతో పాటే సున్నం ఊడొచ్చింది. ఒక ఆదివారం పాట సాగుతుండగా కాలువ గట్టు మొత్తం ఒక్కసారిగా కిందికి జారింది. ఒక పెచ్చు ఒకామె భుజం మీద పడింది. ఎముక విరగలేదు గానీ ఆమె చెయ్యి వారం రోజులు బీడీ చుట్టలేకపోయింది. మిగతా మూడు గోడలకు వెంట్రుకంత బీట కూడా పడలేదు. కానీ ఆ మూడింటినీ ఎవరు చూస్తారు.

సంఘం పెద్ద వచ్చాడు. పడిన పెచ్చుల మధ్య నిలబడి, "నేను జెప్పింది గిదే గద. ఎవలి తప్పిది?" అని అడిగాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

చెప్పాలనే అనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే కాక, "నాదే సారు. ముసలోన్నయిన. సున్నంల ఇసుక పాలు తప్పింది" అన్నాడు. టీచరక్క నా వైపు చూసింది. నేను నేల చూశాను.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి పోయి ఏడ్చాను. సంఘం పెద్దకు పోయి చెప్పేస్తానన్నాను. కాక మంచంలో లేచి కూర్చుని, "సెప్తే గోడ లేస్తదా? నీ చెయ్యి ఇంక పదేండ్లు పనిజేస్తది. నీ పేరు చెడితే నిన్నెవలు పిలుస్తరు? నన్ను ఎట్లనో పిలిసెటోళ్లు లేరు" అన్నాడు. నేను ఇంటికి వచ్చేశాను. పిరికివాడికి ఆ మాత్రం సందు దొరికితే చాలు.

దసరా లోపల చర్చి పోయింది. రాళ్లు ట్రాక్టర్లలో పోయాయి. మిగిలిన మూడు గోడలు పడగొట్టడానికి మెషినుకు రెండు రోజులు పట్టింది, డ్రైవరు కాక సున్నాన్ని తిట్టుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడక్కడ షట్టర్లు. అన్నిటికీ ఫ్లెక్సీ బోర్డులే. బీడీల ఆడవాళ్లు మళ్లీ ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని చుడుతున్నారు. టీచరక్క ఎదురుపడితే పలకరిస్తుంది, అంతకుమించి మాట్లాడదు. నా విషయంలో కాక అనుకున్నదీ తప్పింది. నన్నూ ఎవరూ పిలవలేదు.

పోయిన చలికాలం కాక చనిపోయాడు. పాడె కడుతుంటే పక్కన ఇద్దరు మాట్లాడుకున్నారు. "మంచి మేస్త్రే ఉండె. ఆఖర్ల చర్చి గోడ కాడ చెయ్యి తప్పింది" అన్నాడు ఒకడు. "ఔ, వయసు మీద వడ్డది" అన్నాడు రెండోవాడు. నేను వాళ్లకు తాడు అందిస్తూ నిలబడ్డాను. అప్పుడూ నోరు తెరవలేదు.

ఆ గోడ పెచ్చు ఒకటి నా దగ్గర ఉంది. కుంచెల డబ్బా పక్కన పెట్టుకున్నాను. ఒకవైపు నా రంగు, ఇంకా మెరుస్తూనే ఉంది. వెనక్కి తిప్పితే కాక సున్నం. అప్పుడప్పుడు ఆ సున్నాన్ని గోటితో గీకి చూస్తాను. గోరు విరుగుతుంది గానీ రవ్వంత కూడా రాలదు.