తలుపు దగ్గరి ఇటుక

మా వీధి చివర పిల్లల సంరక్షణ కేంద్రంలో పనిచేసే ఆవిడకి అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది, జీతం పట్టీ మీద తప్ప అది ఎక్కడా వినపడదు. పిల్లలకీ పిల్లల తల్లులకీ, ఆఖరికి ఇంట్లో మొగుడికీ కూడా ఆవిడ ఆయమ్మే. పెళ్ళయిన కొత్తలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనికి పోతూ తన కూతుర్ని ఈ కేంద్రంలోనే దించేది. అప్పటి ఆయా మోకాళ్ళు పట్టేసి మానేస్తే, ‘నువ్వైతే పిల్లల ఏడుపు విని విసుక్కోవు, నువ్వే వచ్చెయ్’ అని ఈవిడని లోపలికి లాగారు. ఆ కూతురు ఇప్పుడు ఆస్పత్రిలో నర్సు. తల్లి మాత్రం ఆ రెండు గదుల్లోనే ఉండిపోయింది.

రెండు గదులంటే రెండే. ముందుది ఆటలకీ చదువుకీ. వెనకది పడక గది. ఆ పడక గది తలుపుకి ఒక జబ్బుంది. లోపలి గడియ వదులైపోయి, తలుపు దబ్బున పడిందంటే చాలు, తనంతట తానే జారి కొక్కెంలో కూర్చుంటుంది. బయటనుంచి తీయడం ఎవరి తరమూ కాదు. అందుకే ఆయమ్మ ఒక ఇటుకకి పాత చీర పీలిక చుట్టి, తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టేది. పొద్దున్నే తాళం తీయగానే ఆవిడ కాలు ముందు ఇటుకని వెతుక్కుంటుంది. టీచరమ్మ వయసులో చిన్నది, పోయినేడు చేరింది. మొదట్లో ఆ ఇటుక తగిలి రెండుసార్లు బోర్లా పడబోయి తిట్టుకుంది, తరవాత ఆవిడా దాన్ని దాటడం నేర్చుకుంది.

అలాంటి ఇటుకని ఆ రోజు ఆయమ్మే తన చేతులతో తీసి బీరువా కిందకి తోసేసింది.

ఎందుకంటే పార్లమెంటు కమిటీ వస్తోంది. బడులూ, చంటిపిల్లల కేంద్రాలూ ఎలా నడుస్తున్నాయో కళ్ళారా చూసి సభకి చెప్పే కమిటీ. చిన్న కేంద్రాలని మూసేసి ఊరవతల ఉన్న పెద్ద కేంద్రంలో కలపాలా వద్దా అన్నది కూడా వాళ్ళు చెప్పేదాన్ని బట్టే ఉంటుందని సూపర్‌వైజరు మేడం ముందురోజే వచ్చి చెప్పిపోయింది.

“చూడండి, ఒక్క వంక దొరికిందా, మన కేంద్రం గోవిందా. ఏమడిగినా ‘అన్నీ ఉన్నాయండీ, ఏ ఇబ్బందీ లేదండీ’ అనండి. అంతకుమించి ఒక్క మాట వద్దు. ముఖ్యంగా నువ్వు, ఆయమ్మా.”

“నేనేం మాట్లాడతాను మేడం?”

“నువ్వు మాట్లాడనిది ఎప్పుడు చెప్పు!”

ఆయమ్మ నవ్వేసింది గాని లోపల బిక్కుబిక్కుమంటూనే ఉంది. పెద్ద కేంద్రానికి పోవాలంటే రెండు బస్సులు మారాలి. చంకలో బిడ్డతో రెండు బస్సులు మారి, మళ్ళీ వెనక్కొచ్చి ఫ్యాక్టరీ గంటకి అందుకునే తల్లి మా వీధిలో ఒక్కతీ లేదు. పని మానేస్తారు, లేదా పిల్లల్ని ఇంట్లో పెట్టి తాళం వేసి పోతారు. రెండోదే జరుగుతుందని ఆయమ్మకి తెలుసు, ఈ కేంద్రం లేనప్పుడు జరిగింది అదే.

అందుకని తెల్లారకముందే వచ్చి గోడలు దులిపింది, నేల ఫినాయిలుతో తుడిచింది. కమిటీ పొద్దున రావాల్సింది. రాలేదు. భోజనాలయ్యాయి, పిల్లలకి కళ్ళు మూతలు పడుతున్నాయి, ఇంకా రాలేదు. “లేపి కూర్చోబెట్టు, వాళ్ళ ముందు గేయం చెప్పించాలి” అని మేడం అంటే, “నిద్ర చెడగొడితే గేయం కాదు, శోకాలు వినిపిస్తారు” అని ఆయమ్మ వాళ్ళని చాపల మీద పడుకోబెట్టింది. సరిగ్గా అప్పుడే వీధిలో కార్ల తలుపులు టపటపా పడ్డాయి. భోజనాలయ్యాక మళ్ళీ తుడిచిన ఫినాయిలు నీళ్ళ బకెట్ ముందు గదిలో అలాగే ఉంది. ఆయమ్మ దాన్ని తీసుకెళ్ళి పడక గది మూల తెర వెనక పెట్టేసింది. ఇటుకని కూడా అప్పుడే దాచింది. చీర పీలిక చుట్టిన ఇటుకని చూసి పెద్దవాళ్ళు ఏమనుకుంటారని!

కమిటీ అధ్యక్షురాలు చెప్పులు గుమ్మం బయటే విప్పి లోపలికొచ్చింది. నెరిసిన జుట్టు, నెమ్మదైన గొంతు. వెనకాల కళ్ళద్దాల సభ్యుడొకాయన. టీచరమ్మని పలకలెన్ని, బొమ్మలేవి అని అడుగుతున్నారు. వీధి తలుపూ కిటికీలూ బార్లా తీసి ఉండటంతో ఒక గాలి తెర రివ్వున లోపలికి కొట్టింది.

వెనకాల దబ్ మంది. ఆ వెంటనే, టక్.

దబ్ మన్నది అందరూ విన్నారు. టక్ మన్నది ఆయమ్మ ఒక్కతే విన్నది. గడియ పడింది.

“ఆయమ్మా, మీరు చెప్పండి. పనిలో ఏమైనా ఇబ్బందులున్నాయా?” అధ్యక్షురాలు ఇటు తిరిగింది.

మేడం కళ్ళు ఆయమ్మ మొహంలోకి మేకుల్లా దిగాయి. పిల్లలు నిద్రలోనే ఉన్నారు కదా, వీళ్ళు వెళ్ళాక చూసుకోవచ్చు కదా అనుకుంది ఆయమ్మ.

“ఏ ఇబ్బందీ లేదండీ. అన్నీ ఉన్నాయండీ.”

ఆ మాట పూర్తయ్యేలోపే తలుపవతల బకెట్ పిడి ఖణేల్ మంది.

బుడ్డోడు! కేంద్రంలో అందరికంటే చిన్నవాడు. ఇంకా నడక రాదు గాని, పాకడంలో వాణ్ణి పట్టుకునేవాడు లేడు. నీళ్ళు కనబడితే చేయి ముంచాలి, ముంచిన చేయి నోట్లో పెట్టుకోవాలి. అధ్యక్షురాలు ఇంకేదో అడుగుతుండగానే ఆయమ్మ పరుగెత్తింది.

“ఆయమ్మా!” అని మేడం పళ్ళు నూరింది. ఎవరు వింటారు!

తలుపు చెక్కల మధ్య సన్నని పగులుంది. ఆయమ్మ ఒక కన్ను అక్కడ ఆనించింది. తెర కింద బుడ్డోడి రెండు పాదాలు కనబడ్డాయి. కారు డ్రైవరు వెనకే వచ్చి, “జరగండమ్మా, ఒక్క తన్ను తంతే ఊడొస్తుంది” అన్నాడు.

“వద్దు బాబూ! తలుపు పక్కనే పసివాళ్ళు పడుకున్నారు, వాళ్ళ మీద పడుతుంది!”

ఆ గదిలో అందరికంటే పెద్దది ఒక పిల్ల. వచ్చే ఏడు బడికి పోతుంది. ఎవరి చాప ఎవరిది, ఎవరు ఎవర్ని గిల్లారు, అన్నిటికీ అదే తీర్పు చెబుతుంది కాబట్టి జడ్జిగారని పేరు. ఆయమ్మ పగులు దగ్గర నోరు పెట్టి, రోజూ లేపే గొంతుతోనే పిలిచింది.

“జడ్జిగారూ... ఓ జడ్జిగారూ... కోర్టు టైమైంది తల్లీ.”

చాప మీద కదలిక. “ఇంకా అవలేదు” అంది నిద్ర గొంతు.

“అయిందమ్మా. బుడ్డోడు తెర వెనకాలున్నాడు. వాణ్ణి కాళ్ళు పట్టి ఇటు లాగు.”

“వాడు ఏడుస్తాడు.”

“ఏడవనీ. లాగెయ్.”

“నన్ను కొరుకుతాడు.”

“కొరికితే సాయంత్రం కేసు పెడదాం. ముందు లాగు నా బంగారం!”

పాదాలు తెర కింద నుంచి జారుతూ వచ్చాయి. బుడ్డోడు ఆకాశం ఊడిపడ్డట్టు ఏడుపందుకున్నాడు. వాడి గొంతుకి ఒకరి తరవాత ఒకరు లేచారు. గదంతా ఏడుపు. ఇక ఆయమ్మ ఎంత అరిచినా మాట లోపలికి పోవడం లేదు. టీచరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బుడ్డోడు మళ్ళీ పాకడం మొదలుపెడితే?

అప్పుడు ఆయమ్మ అరవడం మానేసింది. అరచేత్తో తలుపు మీద తట్టింది. టప్, టప్, టప్. కాస్త ఆగి, మళ్ళీ టప్, టప్, టప్. రోజూ నిద్ర లేపాక ఆవిడ తట్టే తట్టు అది. అది వినబడితే ఎవరి చాప వాళ్ళు చుట్టి తలుపు పక్కన పేర్చాలి. అలవాటు ఎంత గట్టిదో చూడండి, ముక్కులు కారుతూ, వెక్కుతూనే ఆ పిల్లలు చాపలు చుట్టడం మొదలుపెట్టారు. ఏడుపు కాస్త సన్నబడింది.

“జడ్జిగారూ! బుడ్డోడేడీ?”

“వాడి మీద కూర్చున్నా.”

వెనకాల డ్రైవరుకి నవ్వాగలేదు. ఆయమ్మకి నవ్వు రాలేదు. “వాణ్ణి ఇంకొకళ్ళకి పట్టుకోమని చెప్పి, నువ్వు చాపల మీదికెక్కి గడియ పైకెత్తు. గోడ పట్టుకో. మెల్లిగా.”

పగులులోంచి గౌను అంచు కనబడింది, తరవాత మడమలు. చాపల కుప్ప ఒక పక్కకి ఒరిగింది. గడియ కిర్రుమంది, ఆగింది, మళ్ళీ కిర్రుమంది.

తలుపు తెరుచుకుంది. ఆయమ్మ ముందు బుడ్డోడి రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. పాల వాసన, మట్టి వాసన. ఫినాయిలు లేదు. అప్పుడు కూలబడింది.

అధ్యక్షురాలు గదిలోకొచ్చి తెర తొలగించి బకెట్ చూసింది. తరవాత గడియ పట్టుకుని ఊపింది.

“ఇది ఎప్పటినుంచి ఇలా ఉంది?”

“ఇవాళే అండీ,” మేడం గబుక్కున అంది. “ఇవాళే వదులైనట్టుంది.”

అధ్యక్షురాలు ఆయమ్మ వైపు చూసింది. ఆయమ్మ మేడం వైపు చూసింది. కేంద్రం మూతపడితే ఆ తల్లుల మొహాలెలా చూడాలి? కానీ ఇందాక ‘ఏ ఇబ్బందీ లేదండీ’ అన్న మాట ఇంకా గొంతులో ముల్లులా గుచ్చుతూనే ఉంది.

“ఇవాళ్టిది కాదండీ. పోయిన వానల్లో చెక్క ఉబ్బినప్పటినుంచీ. మేడంకి చెప్పాను, మేడం పైవాళ్ళకి చెప్పారు, వడ్రంగి రాలేదు. ఇటుక అడ్డం పెట్టుకుని నెట్టుకొస్తున్నాం.”

“మరి ఇటుకేదీ?”

“నేనే దాచానండీ. బకెట్ పెట్టిందీ నేనే. మీరొస్తున్నారని.”

కళ్ళద్దాలాయన రాయడం ఆపాడు. “అంటే మేం రాకపోతే?”

“మీరు రాకపోతే ఇటుక దాని చోట అదుండేదండీ.”

అధ్యక్షురాలు “రాసుకోండి, ఆవిడ అన్నది అన్నట్టే” అంది.

సాయంత్రం తల్లులొచ్చారు. సంగతి అప్పటికే వీధంతా పాకింది. జడ్జిగారి తల్లి కూతుర్ని ఎత్తుకుని ముద్దులు పెట్టుకుని, వెంటనే ఆయమ్మ మీద విరుచుకుపడింది. “నీ నోరు ఒక్క పూట ఊరుకోలేదా ఆయమ్మా? రేపు మూసేస్తే నా బిడ్డని నీ నెత్తిన పెట్టి పోనా?”

“పెట్టి పోవే. మోస్తాను” అంది ఆయమ్మ. ఇంటికెళ్ళి ముద్ద మింగలేకపోయింది.

ఆ తరవాత రోజులు ముళ్ళ మీద నడిచినట్టే నడిచాయి. వీధిలో కారు ఆగితే ఉలికిపాటు. మేడం రావడం మానేసింది, ఫోన్లో టీచరమ్మతో తప్ప మాట్లాడటం లేదు. మొగుడు ఓదార్చబోయి, “పోతే పోయిందిలే, ఇంట్లో నన్ను చూసుకుందువుగాని” అన్నాడు. “అంత పెద్ద పిల్లాణ్ణి నేను చూడలేను” అందావిడ.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున వడ్రంగి వచ్చి కొత్త గడియ బిగించి పోయాడు. మూసేసే కేంద్రానికి కొత్త గడియ ఎందుకని టీచరమ్మ గెంతులేసింది. ఆయమ్మ మాత్రం నమ్మలేదు. మధ్యాహ్నం మేడం వచ్చింది.

“కలపడం ఇప్పటికి ఆపారు. ముందు ఉన్న కేంద్రాల తలుపులూ కిటికీలూ బాగుచేయమని కమిటీ రాసింది. వచ్చే ఏడు మళ్ళీ చూస్తారట.” సంచిలోంచి ఒక కాగితం తీసింది. “ఇది నీకు. మెమో. పిల్లల గదిలో ఫినాయిలు పెట్టినందుకు.”

ఆయమ్మ రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నంత పని చేసింది.

“మెమో కూడా అంత ముచ్చటగా పుచ్చుకునేదాన్ని నిన్నే చూశాను” అని మేడం పడక గదిలోకి తొంగి చూసింది. పిల్లలు నిద్రపోతున్నారు. కొత్త గడియ మెరుస్తోంది. దాని కింద, పాత చీర పీలిక చుట్టుకుని, ఇటుక ఉండనే ఉంది. కాస్త పక్కకి జరిగి ఉంది.

మేడం ఒక్క క్షణం దానివంక చూసింది. ఆయమ్మ తిట్టు కోసం కాచుకుంది.

మేడం కాలితో ఇటుకని తలుపు అంచుకి గట్టిగా నెట్టి, దాన్ని దాటుకుని వెళ్ళిపోయింది.