అమ్మ నోట పెట్టిన నా మాట

నా గొంతులో ఒక మిర్చి బజ్జీ అడ్డం పడి చాలా ఏళ్లయింది. నవ్వకండి. సరే, నవ్వండి, నాకే నవ్వొస్తుంది. మా యారాలు సుగుణ, అంటే మా మరిది భార్య, బస్సులు ఆగే చోట బజ్జీల బండి నడుపుతుంది. నేను అటు పోయానంటే చాలు, వద్దన్నా వినకుండా వేడివేడి ప్లేటు చేతిలో పెడుతుంది. "తిను అక్కా, అంత నీ నోటి పుణ్యమే" అంటుంది. ఆ మాట చెవిన పడగానే ముద్ద గొంతు దిగదు. నీళ్లు తాగి మింగుతాను. "కారమెక్కువైందా?" అంటుంది పాపం. కారం వల్ల కాదు పిల్లా అని ఎన్నిసార్లు నాలుక చివరిదాకా వచ్చిందో.

ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు. కన్నతల్లికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకని మీ దగ్గర నోరు విప్పుతున్నాను. ఎవరికీ చెప్పొద్దని కూడా అడగను. చెప్పినా నా పేరు మీ దగ్గర లేదు కదా!

మాది పాలమూరుకు పడమటి దిక్కున బండలు తీసే ఊరు. భూమిలో పొరలు పొరలుగా నాపబండ. మగవాళ్లు గడ్డపారలతో పొర లేపేవాళ్లు, ఆడవాళ్లం చెత్తరాయిని తట్టల్లో ఎత్తి బయట పోసేవాళ్లం. నేనూ సుగుణా ఒకే జత. తట్ట ఎత్తుకునేటప్పుడు ఆమె ఏదో ఒకటి అనేది, నేను నవ్వి తట్ట జారవిడిచేదాన్ని, మేస్త్రీ తిట్టేవాడు. మా పెళ్లిళ్లయిన నాటి నుంచీ ఇదే వరస. తరువాత లోకమంతా ఇళ్లల్లో టైల్స్ వేసుకోవడం మొదలుపెట్టింది. మా బండను అడిగేవాడు లేడు. గని మెల్లమెల్లగా మూతపడింది. గుంతలో వాననీళ్లు నిలిచాయి, నీళ్లలో చేపలు పెరిగాయి. మా ఆయన మాత్రం గడ్డపారకు నూనె రాసి మంచం కింద పెట్టుకునేవాడు. "రేపు పని మొదలైతె తుప్పు పట్టిన గడ్డపార వట్టుకొని పోవాల్నా?" అనేవాడు.

సుగుణ వాళ్ల అన్న ఉత్తరాన బొగ్గుబాయిలో, అంటే బొగ్గు గనిలో, పనిచేస్తాడు. పండక్కి వచ్చినప్పుడల్లా అక్కడి సంగతులు చెప్పేవాడు. వాళ్ల దగ్గరా భూమి లోపలి బాయిలు ఒక్కొక్కటే మూస్తున్నారట. ఓట్లు వచ్చినప్పుడు మాత్రం కొత్త బాయి తెరుస్తామని మైకులు మోగుతాయట. నేల కింద బొగ్గున్నా బండున్నా ఓట్ల కాలంలోనే అది పైకొస్తుందని మా ఆయన పగలబడి నవ్వేవాడు. నవ్వి, మళ్లీ పోయి గడ్డపారకు నూనె రాసేవాడు.

మనిషి ఆశ అట్లాంటిది. తెలంగాణ వచ్చిన రోజు మా ఊళ్లో గులాలు చల్లుకుని, ఎవరి మొహం ఎవరిదో గుర్తుపట్టలేకుండా తిరిగాం. మన రాష్ట్రం, ఇక మన బండకు మంచి రోజులు అనుకున్నాం. కొన్నేళ్లకు మళ్లీ ఓట్లు దగ్గరపడ్డాయి. ఒక అభ్యర్థి గని ఒడ్డున నిలబడి, నేను గెలిస్తే ఈ గని తెరిపిస్తాను, సర్కారు కట్టే ప్రతి ఇంట్లో మన బండలే పరిపిస్తాను అన్నాడు. ఊరు చప్పట్లు కొట్టింది. సుగుణ కొట్టలేదు. ఆమె అప్పటికే వేరే దారి చూసుకుంది. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు మరిది వాచ్‌మన్‌గా కుదిరాడు. కింద ఉండటానికి ఒక రూమ్ ఇస్తారట. "రూముల్నే నల్ల ఉన్నదంట అక్కా! గిట్ల తిప్పితె చాలంట" అని కుళాయి తిప్పినట్టు గాలిలో మణికట్టు తిప్పి చూపించేది. బోరింగు దగ్గర వరసలో నిలబడి బిందెలు మోసిన మనిషి కదా, రోజుకు ఎన్నిసార్లు తిప్పేదో ఆ లేని నల్లాను. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం భగ్గుమనేది.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. మా గనికి మైసమ్మ తల్లి కాపలా. ఏటా శ్రావణంలో గని ఒడ్డున బోనాలు చేస్తాం. ఒక బండను కడిగి, పసుపు పూసి, అమ్మ ముందర వేస్తారు. శిగం వచ్చిన ఆడమనిషి, అంటే అమ్మవారు ఒంటి మీదికి వచ్చిన మనిషి, ఆ బండ మీద నిలబడి మాట చెప్తుంది. ఏ పక్క మంచి పొర తగులుతుందో, ఎటు తవ్వితే చెడుపో. మా అత్తకు శిగం వచ్చేది. ఆమె పోయాక పెద్దకోడలినని నన్ను నిలబెట్టారు. మొదటిసారి నిజంగానే వచ్చింది. ఒళ్లంతా వణికింది, తరువాత ఏం జరిగిందో నాకు తెలియదు. అంతా మొదటి నుంచీ నటనే అయ్యుంటే ఈ ఒప్పుకోలు తేలికయ్యేది. నిజంగా వచ్చే తల్లి పేరు మీద, రాని రోజున మాట్లాడాను.

ఆ ఏడాది బోనాల్లో డప్పులు మోగుతున్నాయి. చేతిలో వేపాకు, కళ్లలో సాంబ్రాణి పొగ. బండ మీద నిలబడ్డాను. ఏమీ రాలేదు. ఒక ఈగ వచ్చి ముక్కు మీద వాలింది. అమ్మ వచ్చిన మనిషికి ఈగ తెలియదు. నాకు తెలిసింది. ఎదురుగా ఊరంతా చేతులు జోడించి నిలబడింది. ముందు వరసలో సుగుణ, నెత్తిన బోనం, మొహం నిండా పసుపు. తెల్లారితే ఆమె హైదరాబాద్ బస్సు ఎక్కుతుంది. రేపటి నుంచి నేను ఎవరితో నవ్వాలి? ఎవరిని తిట్టాలి? ఆ ఒక్క ఆలోచనతోనే ఊగడం మొదలుపెట్టాను. గొంతు పెంచి అన్నాను: "బిడ్డలారా, గని ఇడిసి ఎవ్వరు పోవద్దు. బండ మల్ల లేస్తది. గీ మన్ను ఇడిసిపోయినోళ్లకు తాగ నీళ్లు గూడ పుట్టయి."

ఆ నీళ్ల మాట ఎవరికి తగలాలని అన్నానో నాకు బాగా తెలుసు. బోనం కింద ఆమె మెడ చిన్నగా కదిలింది.

ఊరికి మాత్రం వేరేలా తగిలింది. సాయంత్రానికి అభ్యర్థి మనుషులు ఆటోకు మైకు కట్టారు. గని తెరుచుకుంటదని మైసమ్మ తల్లే సెలవిచ్చింది, మన అన్నకే మీ ఓటు, అని ఊరూరా తిరిగారు. నేను ఓటు ఊసే ఎత్తలేదు మొర్రో అని అరుద్దామంటే అరవడానికి లేదు. శిగం దిగాక ఏం చెప్పామో గుర్తుండకూడదు, అది మా దగ్గరి లెక్క. అందుకని అమాయకంగా మొహం పెట్టి, నేనేమన్నానే, నేనేమన్నానే, అని అందరినీ అడుగుతూ తిరిగాను. అభ్యర్థి స్వయంగా వచ్చి చీర పెట్టి నా కాళ్లకు మొక్కాడు. మా ఆయన ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. ఆ చీర ఇప్పటికీ కట్టలేదు.

మరునాడు పొద్దున్నే సుగుణ వచ్చింది. వాళ్ల మూటలు కట్టి అరుగు మీద ఉన్నాయి.

"అక్కా, నిన్న అమ్మ చెప్పిన మాట నీకు జరంతన్న యాదికున్నదా?"

"శిగం దిగినంక నాకేం యాదుంటది పిల్లా?"

"గది కాదు. అమ్మనే చెప్పిందా అని అడుగుతున్న. మా ఆయన పోదమంటుండు. నాకు భయమైతాంది. నువ్వు పొమ్మంటె పోత, ఉండుమంటె ఉంట."

"అమ్మ గాక ఇంకెవలు చెప్తరు?"

ఆమె మా గడప దిగింది. పక్కనే ఉన్న వాళ్ల ఇంటికి పోయి మూట విప్పి, గిన్నెలు ఒక్కొక్కటే బయటికి తీసింది. ఆ గిన్నెల చప్పుడు మా ఇంట్లోకి వినిపించింది. దొంగదాన్ని, ఆ రోజు పాట పాడుకుంటూ వంట చేశాను. బండ మీద అన్నది ఏదో ఊపులో అన్నాననుకుందాం. గడప దగ్గర ఊపు లేదు, డప్పు లేదు. ఆమె ఎంత తేటగా అడిగింది! పో అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకు అనలేదు? ప్రేమ అని చెప్పుకోవచ్చు. ప్రేమ ఉన్నమాట నిజమే, కానీ నాకు లేని నల్లా ఆమెకు వస్తోందన్న కుళ్లు కూడా ఉందా లేదా? ఉంది. చచ్చేంత ఉంది.

ఆ అభ్యర్థి గెలిచాడు. ఒక రోజు పెద్ద మోటారు తెచ్చి గుంతలో నీళ్లు తోడించారు. ఊరంతా ఒడ్డున చేరింది. మా ఆయన గడ్డపార భుజాన వేసుకుని పెళ్లికొడుకులా వచ్చాడు. నీళ్లు తగ్గేకొద్దీ చేపలు ఎగిరెగిరి పడ్డాయి. అందరం కొంగుల్లో, తట్టల్లో ఏరుకున్నాం. ఫోటోలు తీసుకున్నారు. మరుసటి వారం మోటారు వెళ్లిపోయింది, వానలకు గుంత మళ్లీ నిండింది. గని తెరిస్తే మాకు దక్కింది ఆ పూట చేపల పులుసు. పులుసు మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

వాచ్‌మన్ పని ఇంకెవరికో పోయింది. మరిది మేస్త్రీ వెంట మట్టిపనికి ఊళ్లు పట్టుకుని తిరిగాడు. సుగుణ కంకర మిషన్ దగ్గర రాళ్లు మోసింది, మోసి వచ్చి నీళ్లు మోసింది. కుడి భుజం పట్టేసింది. నేను పోయి ఆమె బిందెలు నా నెత్తిన పెట్టుకునేదాన్ని. "నువ్వు దేవతవక్కా" అనేది. నాకు భూమిలోకి పోవాలనిపించేది. ఆ తరువాతే ఆమె స్టవ్ ఒకటి, కడాయి ఒకటి పెట్టుకుని బజ్జీలు మొదలుపెట్టింది. ఆమె చేతి చలువ, గిరాకీ దంచింది. మరిది తిరిగొచ్చి ఇప్పుడు పిండి కలుపుతాడు, ఆమె అతని మీద అరుస్తుంటుంది. మా ఊరికి కూడా నల్లాలు వచ్చాయి. మొదటి రోజు తిప్పి, నీళ్లు మొహాన చల్లుకుని, చూసినవా అక్కా, అమ్మ మాట ఊకెనే పోలేదు, అని కేరింతలు కొట్టింది.

అంతా బాగానే అయింది కదా అంటారు మీరు. నేనూ అదే చెప్పుకుంటూ వచ్చాను. కానీ ఆమె ఇప్పటికీ కుడి చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేదు. మరిది వేస్తాడు, వంకరగా. ఊళ్లో గని మాట తప్పిన నాయకుడిని తిట్టేటప్పుడు అందరికంటే నా గొంతే పెద్దది. ఆయన మైకులో చెప్పాడు, నేను బండ మీద చెప్పాను. ఆయన్ని కనీసం మళ్లీ ఓట్లప్పుడు నిలదీశారు. నన్ను ఎవరూ నిలదీయలేదు, పైగా మొక్కారు.

ఇంతవరకు రాసి కొన్నాళ్లు పక్కన పెట్టాను. ఈ మధ్య మళ్లీ కొత్త జీపులు వచ్చాయి, కొత్త మనిషి అదే గని ఒడ్డున నిలబడి అదే మాట అన్నాడు. మా ఆయన నూనె డబ్బా తీశాడు. బోనాలకు నన్ను బండ ఎక్కమన్నారు. మోకాళ్ల నొప్పులని తప్పించుకున్నాను. అందులోనూ సగం అబద్ధమే. ఇంటికొచ్చి రాసింది చదువుకున్నాను. మీకు చెప్పుకుని ఏం లాభం? పట్టేసింది మీ భుజం కాదు కదా.

మధ్యాహ్నం బండి దగ్గరికి పోయాను. గిరాకీ పలచగా ఉంది. ఆమె ప్లేటు అందుకోబోతుంటే అన్నాను: "సుగుణా, ఆ ఏడు అమ్మ రాలే. నువ్వు పోతున్నవని నేనే అన్న. తెల్లారి నువ్వడిగినప్పుడు గూడ నాకు అంత యాదికున్నది."

ఆమె చేతిలో పిండిలో ముంచిన మిరపకాయ ఉంది. దాన్నే చూసింది. నూనెలో వేసింది. "గీ వాయి అయినంక మాట్లాడుదం" అంది.

ఆ వాయి అయింది. ఇంకో వాయి వేసింది. బస్సులు వచ్చాయి, పోయాయి. దీపాలు పెట్టే వేళయింది. ఆమె నన్ను పొమ్మని మాత్రం అనలేదు.

అప్పటి నుంచి రోజూ పోయి బండి పక్కనున్న బల్ల మీద కూర్చుంటున్నాను. నిన్న ఉల్లిగడ్డల గంపా కత్తిపీటా నా ముందుకు నెట్టింది, మొహం చూడకుండానే. ఎందుకని అడగలేదు. కూర్చుని కోస్తున్నాను. ఒంట్లో ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను. చాలా ఏళ్ల తరువాత ఆ నూనె వాసనకు నాకు బాగా ఆకలి వేసింది. ఒక బజ్జీ అడగడానికి మాత్రం ఇంకా నోరు రాలేదు.