గుడ్డు పెట్టని ఎర్ర కోడి

నా పేరు నర్సమ్మ, ఎనభై దాటాయి. నాంపల్లిలో కొడుకు, కోడలు, మనవరాలితో ఉంటాను. నేను చెబుతుంటే మనవరాలు ఫోన్లో రాసి అందరికీ పెడుతోంది.

"గుడ్డు పెడ్తలేదత్తమ్మా, ఆదివారం కోడిని కోసేద్దాం" అంది కోడలు. తవుడు కలుపుతున్న నా చెయ్యి ఆగిపోయింది.

నా ఈడువాళ్లూ, గుర్తుందా? పిల్లలున్న ఇంటికి ఒళ్లో పెట్టుకుంటే గింజుకోని కోడినే కొనేవాళ్లం. నా చిన్నప్పుడు అమ్మ అట్లా ఎంచి తెచ్చిన ఎర్ర కోడి ఒకసారి గుడ్లు ఆపేసింది.

"గుడ్డు పెట్టనిదానికి తవుడెందుకే?" అన్నాడు నాయిన.

"జర ఆగుండ్రి, ఏడనో చాటుకు పెడుతుందేమో" అంది అమ్మ.

ఆగలేదు, కోశాడు. కడుపులో పచ్చసొనలు పూసల దండలా ఉన్నాయి. మర్నాడు కట్టెల చాటున గుడ్ల కుప్ప దొరికింది. అమ్మ ఆ కూర ముట్టలేదు.

కోడలా, ముందు పెరడంతా వెతుకు.

సంతకం రాదు, కింద ఫోటోలో ఉన్నది నా వేలిముద్ర. సాక్షులు: మనవరాలు స్వప్న, పక్కింటి ఫాతిమా. పెరడు వెతకడానికి కోడలు ఇంకా ఒప్పుకోలేదు.