మల్లేశన్న మళ్లీ కొండ మీదికి తిప్పిన బండి

ఈ ఉదయం కంటోన్మెంట్ మైదానం వైపు నుంచి మిలిటరీ బ్యాండు మోత వినబడగానే స్టవ్ ఆపేసి మేడ మీదికి పరుగెత్తాను. ఆ డ్రమ్ముల దరువుకు నా గుండె ఇప్పటికీ ఎగిరిపడుతుంది. నేరేడ్‌మెట్‌లో మా పక్కింటి మల్లేశన్న సైన్యంలో అంబులెన్స్ డ్రైవరు. నాకు కారు నేర్పింది ఆయనే. సెలవుకు వచ్చినప్పుడల్లా తన పాత కారులో నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టేవాడు. ఒకసారి ఎత్తురోడ్డు మీద కారు వెనక్కి జారుతుంటే, నేను స్టీరింగ్ వదిలేసి కళ్లు మూసుకున్నాను. ఆయన నెమ్మదిగా హ్యాండ్‌బ్రేక్ లాగాడు.

"కండ్లు మూస్తే బండి ఆగుతదా చెల్లె? భయమైతే కానియ్యి, చేతులు మాత్రం ఇడువకు."

"అక్కడ సరిహద్దుల నీకు భయం కాదా అన్నా?"

"ఎందుకు గాదు? గజగజ వణుకుత. గని ఎనక పండుకున్న దెబ్బలోళ్లకు ఆ సంగతి తెల్వొద్దు గదా!" అని కారు అదిరేలా నవ్వాడు.

ఆ ఏడు చలికాలంలోనే సరిహద్దు కొండల్లో కాల్పులు మొదలయ్యాయి. తరువాత జరిగింది, ఆయనతో పనిచేసిన వరంగల్ జవాను ఇంటికొచ్చి చెప్పాడు. తూటాలు పడుతున్న దారిలోనే మల్లేశన్న గాయపడినవాళ్లను కిందికి చేర్చాడు. అప్పటికే ఆయన భుజానికి తూటా తగిలింది. ఇక వెళ్లొద్దని అందరూ ఆపారు. "ఇంకా ఇద్దరు పైనున్నరు" అని బండి మళ్లీ కొండ మీదికి తిప్పాడు. ఆ ఇద్దరినీ తెచ్చాడు కూడా. బండి ఆపి, ఇంజన్ కట్టేసి, స్టీరింగ్ మీదే వాలిపోయాడు, మళ్లీ లేవలేదు. ఆ ఇద్దరూ బతికారు.

శౌర్య పతకం ఇచ్చిన రోజు మా గల్లీ అంతా ఆయన ఇంట్లోనే, టీవీ ముందు. ఢిల్లీ సభలో ఆయన భార్య సుజాత వదిన తల ఎత్తుకుని నడిచి వస్తుంటే అందరం టీవీకి ఇంకా దగ్గరగా జరిగాం. "నా కొడుకు పేరు సదువుతున్నరు! జెర చప్పుడు చేయకుండ్రి!" అని మల్లేశన్న తల్లి అరిచింది. పేరు వినబడింది. అంతే, చప్పట్లు, ఈలలు, ఏడుపులు. ఎవరో బయట పటాకులు కాల్చారు. నేను ఆ తల్లిని వాటేసుకుని చిన్నపిల్లలా గెంతాను.

ఢిల్లీ నుంచి తిరిగొచ్చిన వదిన, పతకాన్ని అత్తగారి ఒడిలో పెట్టి నేరుగా నా దగ్గరికి వచ్చింది. "పద్మా, ఆయన కారు అట్లనే నిలబడి ఉన్నది. నాకు నేర్పుతవా?"

మర్నాడే షురూ చేశాం. నెల తిరక్కుండానే, రెజిమెంటల్ బజార్ రద్దీలో వదిన ఒక్కసారి కూడా ఆగకుండా కారు నడిపి, పక్కకు తీసి ఆపి, "సూసినవా!" అని గట్టిగా కేకేసింది. ఇద్దరం నవ్వుతూనే ఏడ్చాం. ఇప్పుడు ఏ.ఎస్. రావు నగర్‌లో నేనే ఆడవాళ్లకు డ్రైవింగ్ నేర్పుతున్నాను. భయంతో వణికేవాళ్లు వస్తే నాకు మరీ ఇష్టం. వాళ్లకే ముందు తాళం ఇస్తాను.