పుట్టీ కింద పగులు

రెజిమెంటల్ బజార్‌లో సైకిళ్లు బాగుచేసే మేస్త్రీ పోయారని మొన్న పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. గుండెపోటట. ఆయన నాకు చుట్టం కాదు, రెండేళ్ల పరిచయం. కానీ నన్ను చూసి అసహ్యించుకుని, ఆ సంగతి దాచకుండా నాతోనే చెప్పిన మనిషి ఆయనొక్కరే.

యాభై దాటాక మళ్లీ సైకిలు తొక్కాలనిపించి, యాప్రాల్‌లో ఒకాయన దగ్గర వాడిన రేసింగ్ సైకిలు కొన్నాను. ఎర్ర రంగు తళతళలాడుతోంది. ఓసారి చూపిద్దామని తీసుకెళితే, మేస్త్రీ ముందుగా హ్యాండిల్‌కి చుట్టిన పట్టీ విప్పారు. ఎవరిదో ఏళ్లనాటి చెమట లోపలే కుళ్లి జిగురై, పులిసిన పిండిలా కంపు కొట్టింది. సీటు గొట్టం లాగితే నల్లనీళ్లు కారాయి, చచ్చిన బొద్దింకలు రాలాయి. నాకు డోకొచ్చింది. ఆయన మొహమైనా తిప్పుకోలేదు.

"గలీజు కడిగితే పోతది సార్. రంగేసి దాస్తేనే పరేషాన్" అన్నారు.

అన్నట్టే, హ్యాండిల్ కింద పైపులు కలిసే చోట గోకితే రంగు కింద పుట్టీ, పుట్టీ కింద వేలెడు పగులు. జోరు మీద ఉండగా విరిగితే మొహం రోడ్డుకు కొట్టుకునేదట. అమ్మినాయన నాకు మంచినీళ్లిచ్చాడు, పిల్లలెంతమందని అడిగాడు. పగులు మాట మాత్రం ఎత్తలేదు.

ఆ తర్వాత నేనన్న మాట అంతకన్నా రోత. మళ్లీ పుట్టీ పెట్టి రంగెయ్యండి, ఎవరికైనా అమ్మేస్తానన్నాను.

ఆయన చేతిలో గుడ్డ కింద పెట్టారు.

"వాడు పడ్డనాడు మీరు ఆడ ఉండరు సార్. గందుకే గా మాట ఇంత సులువుగ వచ్చింది."

నేను నిలబడి ఉండగానే వేరే సైకిలు పనిలో పడ్డారు. కోపంగా ఇంటికెళ్లాను. నాలుగు రోజులు నా నోరే నాకు చేదుగా ఉంది. ఐదోరోజు వెళ్లి, దాన్ని కోసెయ్యమన్నాను. ఆయన రంపం నా చేతికిచ్చారు. పగులు దగ్గరే రెండు ముక్కలు చేశాను.

అప్పుడు తన దగ్గరున్న పాత ఉక్కు ఫ్రేముకి నా చక్రాలూ గేర్లూ ఎక్కించారు. చైను మాత్రం నాచేతే కిరోసిన్‌లో కడిగించారు. మట్టి, వెంట్రుకలు ముద్దలుగా ఊడొచ్చాయి. ముక్కు మూసుకుంటే, ఒంటిచేత్తో ఆ పని కాదన్నారు. ఎవరి సైకిలైనా ముందు తాను ఒక చుట్టు తొక్కిగానీ ఇచ్చేవారు కాదు. "పడితే నేనే పడాలె" అనేవారు. నాదీ అలాగే తొక్కి ఇచ్చారు. ఆ పొద్దున కార్ఖానా ఏరియా దాకా దాని మీద వెళ్లొచ్చాను, పాతికేళ్ల తర్వాత.

మొన్న వాళ్లింటికి వెళ్లేసరికి ఆయనకు స్నానం చేయిస్తున్నారు. గోళ్ల సందుల్లో గ్రీజు వదలడం లేదు. చూసేవాళ్లు ఏమనుకుంటారని గొణుగుతూ, మొహం చిట్లించి, ఆయన తమ్ముడు పీచుతో ఆ చేతిని రుద్దుతున్నాడు. నేను చూడలేకపోయాను. కూతురు వచ్చి పీచు లాక్కుంది.

"ఇడిసిపెట్టు కాకా. నాయిన చెయ్యి మంచిగనే ఉన్నది."

చేతులు అలాగే గుండెల మీద పెట్టారు. తెల్లటి కొత్తబట్ట మీద పది నల్లటి గోళ్లు.