ఆ మూడు మాటలు రాసింది నేనే

ఈ సంగతి స్నేహితులకు చాలాసార్లు చెప్పాను. తప్పు చేసింది ఇంకెవరో అన్నట్టు చెప్పాను.

మాది కాకినాడ. జడ్చర్ల నుంచి నల్గొండ వెళ్లే బస్సులో నా పక్కన ఒకావిడ కూర్చుంది, ఒళ్లో ఐదేళ్ల కూతురు. కిటికీలోంచి పత్తి లారీని చూసి పాప, "అమ్మా, గదేంది?" అంది. తల్లి దాని చేతిలో నాలుగు పల్లీలు పెట్టి ఊరుకుంది. మళ్లీ అడిగితే మళ్లీ పల్లీలే.

"చెప్పొచ్చు కదమ్మా," అన్నాను.

"దీనితోని నేను ఎక్కువ మాట్లాడ సార్. మా పెద్దబిడ్డ ఇంగ్లీషు మంచిగనే మాట్లాడతది. కాలేజీల నౌకరీ ఇంటర్వ్యూ అయితే, గా సారు కాయితం మీద 'మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్' అని రాసి పంపిండు. ఇంటి యాస ఇంగ్లీషుల పడతదంట. గీ చిన్నదానికన్న నా మాట అంటొద్దు."

ఏ కాలేజీ అని అడిగాను. చెప్పింది. మా కంపెనీ తరఫున అక్కడికి ఇంటర్వ్యూలు చేయడానికి వెళ్లింది నేనొక్కణ్ణే. ఎంతమంది కాగితాల మీద ఆ మాటలు రాశానో, ఆ అమ్మాయి ముఖం కూడా గుర్తులేదు.

నీ మాటలో తప్పేమీ లేదమ్మా అని చెప్పాల్సింది. చెబితే నేనెవరో చెప్పాలి. పాప మళ్లీ ఏదో అడిగింది. తల్లీ నేనూ పక్కపక్కనే కూర్చుని, నల్గొండ దాకా నోరు విప్పలేదు.